చిలుము పట్టిన చోట



పత్తి తీసే రోజుల్లో మన మద్దికెర నుంచి ఆదోని మార్కెట్‌కు లోడు ఎత్తిన లారీ ఒక్కోసారి తెల్లవారుజామున కదలదు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. బ్యాటరీ పోయిందనుకుంటాం. చాలాసార్లు బ్యాటరీలో బలం ఉంటుంది, సెల్ఫ్ మోటారూ బాగానే ఉంటుంది. రెంటినీ కలిపే కేబుల్‌కు చిలుము పట్టి ఉంటుంది.

సెల్ఫ్ తిరగాలంటే వందల ఆంపియర్లు కావాలి. 300 ఆంపియర్లు పోయే చోట 0.01 ఓం అడ్డున్నా 3 వోల్టులు అక్కడే పోతాయి. లైట్లకు కొద్ది కరెంటు చాలు గనుక అవి వెలుగుతూనే ఉంటాయి.

మన సంగతీ అంతే. ఆదివారం పాటలు పాడుతాం, కానుక వేస్తాం. పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములూ అదే వరసలో కూర్చుంటారు. ఒకరింట్లో చావు జరిగి, పాడె మోయాల్సిన రోజున ఆ చిలుము బయటపడుతుంది.

మెకానిక్ ముందు నెగటివ్ కేబుల్ విప్పుతాడు. వంటసోడా నీళ్లతో కడిగి, లోహం మెరిసేదాకా రుద్దుతాడు. పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖర్న బిగించి వాజలిన్ పూస్తాడు. తొడుగు లోపల రాగి పచ్చబడి పొడి రాలుతుంటే కడిగి లాభం లేదు, కేబుల్ మార్చాల్సిందే. కొన్ని తగాదాలకూ పాత మాటలు వదిలేసి కొత్తగా పలకరించడమే దారి.

కానుకను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పాడు. మేము అడిగేదీ అదే: ఆదివారానికి ముందే ఆ గడప తొక్కండి.