దొంగ జ్వరం కాదు

దిగులు జ్వరం, దడుపు జ్వరం - ఈ మాటలు వినని ఇల్లు మనలో ఉండదు. చీకట్లో కుక్కను చూసి జడుసుకున్న పిల్లాడికి తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతుంటే, బామ్మగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసేది. డాక్టరుగారేమో నవ్వి మాత్ర రాసిచ్చేవారు. జ్వరం మాత్రం ఇద్దర్నీ లెక్కచెయ్యక, బుద్ధిపుట్టినప్పుడు తగ్గేది!

ఈ సంగతి మన భాషకి ముందే తెలుసేమో. చెడ్డకబురు వింటే కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయంటాం. భయమేస్తే ముచ్చెమటలు పట్టాయంటాం. కోపమొస్తే ఒళ్ళు మండిపోయిందంటాం.

మా పెద్దమ్మ మనవరాలికి పెళ్ళయిన ఆర్నెల్లకి, రోజూ సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. టైఫాయిడ్ కాదు, మలేరియా కాదు, క్షయ కాదు, థైరాయిడూ కాదు. "రాత్రి వంట తప్పించుకోడానికి దొంగ జ్వరం" అన్నారు అత్తగారు. ఆవిడే స్వయంగా ధర్మామీటరు పెట్టి చూస్తే వంద దాటింది. "దొంగని నేనైతే, ధర్మామీటరు కూడా నా ముఠాలోదేనా పిన్నీ?" అని నన్నడిగి ఏడ్చింది పిల్ల. పుట్టింటికొస్తే నాలుగు రోజుల్లో మామూలే. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు కొన్నరోజున మళ్ళీ వెచ్చబడింది.

ఇది నటన కాదండీ. జపాన్ వైద్యుడు తకకజు ఓకా 2015లో దీన్నిగురించి వివరంగా రాశారు. పడుచువాళ్ళయిన ఆడవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుందట. ఏళ్ళతరబడి నలిగేవాళ్ళకి 37, 38 డిగ్రీల మధ్య, అంటే మన లెక్కలో 98.6 నుంచి 100.4 దాకా, వేడి అలా నిలిచిపోతుందట. హఠాత్తుగా మనసుకి దెబ్బ తగిలితే కొందరికి 41 డిగ్రీల దాకా పోతుందిట!

మామూలు జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం మెదడుకి 'వేడి పెంచు' అని చెబుతుంది. జ్వరం మాత్రలు దాన్ని తయారవకుండా ఆపుతాయి. మనసు జ్వరం వచ్చే దారి వేరు. మెదడులోని హైపోథాలమస్ నుంచి నరాలగుండా ఆజ్ఞ వెళ్తుంది. చర్మంలో రక్తనాళాలు బిగుసుకుని వేడిని బయటికి పోనివ్వవు. అందుకే లోపల వేడి, అరచేతులు మాత్రం మంచుముద్దలు. ఇక ఆ మాత్రలకి ఇక్కడేం పని?

2020లో నగోయా విశ్వవిద్యాలయంవారు ఒక ఎలుకని తనకంటే బలమైన ఎలుక పెత్తనం కింద పెట్టి చూశారు. పాపం, దానికీ ఒళ్ళు వేడెక్కింది. మెదడు ముందుభాగం నుంచి హైపోథాలమస్‌కి వెళ్ళే ఒక తోవని అడ్డగిస్తే ఆ వేడి తగ్గింది. పెత్తనం కింద ఎలుకకే జ్వరమొస్తుంటే, మనిషికి రావడం వింతేముంది?

అలాగని వేడి తగిలిన ప్రతిసారీ 'దిగులేలే' అని ఊరుకోకూడదు సుమండీ. ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, పరీక్షలన్నీ చేయించాలి. అన్నీ బాగున్నాయని కాయితాలు చేతికొచ్చాక మాత్రం, "నీకేం లేదుట, లే" అనకండి. పక్కన కూచుని, "ఏం జరుగుతోందమ్మా అక్కడ?" అనడగండి. ఆ ప్రశ్న ఏ డాక్టరూ చీటీమీద రాసివ్వడు. ఇంట్లోవాళ్ళే అడగాలి.