ఆముదపు చేలో భ్రమరకీట న్యాయం

భ్రమరకీట న్యాయం వేదాంతశ్రవణం చేసినవారికి సుపరిచితమే. భ్రమరం ఒక కీటాన్ని తెచ్చి మట్టిగూటిలో బంధిస్తుంది. భయంతో నిరంతరం భ్రమరాన్నే ధ్యానించిన ఆ కీటం చివరకు భ్రమరమే అవుతుంది. శ్రీమద్భాగవత ఏకాదశస్కంధంలో అవధూత చెప్పిన 24 గురువులలో ఈ భ్రమరమూ ఒకటి. అనేక సంవత్సరాలుగా నేనీ దృష్టాంతాన్ని సత్సంగాలలో నిస్సంకోచంగా వినిపిస్తూ వచ్చాను.

గత వానకాలం పాలమూరు ప్రాంతంలోని మా ఎర్రచెలకలో ఆముదానికి దాసరి పురుగు పట్టింది. మందు కొట్టడానికి సిద్ధమైన నన్ను తమ్ముడు ఆపి, ఒక ఆకును తిప్పి చూపాడు. పురుగు కదులుతూనే ఉంది గాని మేయడం లేదు. దాని ఉదరభాగాన చిన్న గూడొకటి అంటుకొని ఉంది.

స్నెల్లేనియస్ మాక్యులిపెన్నిస్ అనే సూక్ష్మమైన కందిరీగ లేతపురుగు దేహంలో గ్రుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరిగి, వెలుపలికి వచ్చి గూడల్లుకొంటుంది. పురుగు మరణిస్తుంది, గూటినుండి కందిరీగ ఎగిరిపోతుంది. ఇట్టి పురుగులు మొక్కకు ఒకటి రెండు కనిపిస్తే మందు కొట్టవద్దని వ్యవసాయ శాస్త్రజ్ఞుల హితవు.

"అన్నా, నువ్వు చెప్పే పురుగు తుమ్మెద కాలే. తుమ్మెద పిల్లకు బువ్వయింది" అన్నాడు తమ్ముడు.

మట్టిగూటి భ్రమరం విషయంలోనూ యథార్థమిదే: అది కుట్టి స్తంభింపజేసిన పురుగులు దాని పిల్లకు ఆహారం. సజీవకీటాన్ని లోపలినుండి తినే జీవిని దయామయుడైన ఈశ్వరుడు బుద్ధిపూర్వకంగా సృష్టించాడని నమ్మలేకున్నానని డార్విన్ 1860లో మిత్రుడు ఆసా గ్రేకు వ్రాశాడు. బాదరాయణులు వైషమ్యనైర్ఘృణ్యాధికరణంలో ఎదుర్కొన్న ఆక్షేపమూ ఇట్టిదే. సృష్టి కర్మసాపేక్షమని అక్కడి సమాధానం. ఆ ఆకు చేత పట్టుకొన్న క్షణాన ఆ సమాధానం నా నాలుకపైకి రాలేదు.

దృష్టాంతానికీ దార్ష్టాంతికానికీ వివక్షితాంశంలోనే సామ్యమని శంకరభగవత్పాదులు సూత్రభాష్యంలో స్పష్టం చేశారు. చిత్తం ధ్యేయాకారాన్ని పొందుతుందన్న సిద్ధాంతానికి కీటం సాక్ష్యం చెప్పనక్కరలేదు. ఉపమానాన్ని కంటితో చూచిన యథార్థంగా నమ్మించిన దోషం నాదే, శాస్త్రానిది కాదు.

మందు కొట్టలేదు, పైరు నిలిచింది. ఒక కీటం మరణమే ఒక కుటుంబానికి రక్షణ అయింది. ఇప్పుడు ఈ న్యాయం చెప్పిన ప్రతిసారీ తమ్ముడి మాటను కూడా చేర్చి చెబుతున్నాను. శ్రోతలలో కొందరు నొచ్చుకొంటున్నారు. సత్యం కంటె మధురమైన ఉపమానాన్ని విడవడం నాకూ కష్టంగానే ఉంది.