చిట్టా రాసుకునే రహస్య సంఘాలు

ఇల్యూమినాటి పేరు వినని వాళ్ళెవరైనా ఉన్నారా ఈ రోజుల్లో? యుద్ధాలు, రోగాలు, ఎన్నికలు అన్నీ వాళ్ళు తెర వెనక ఆడించే ఆటేనని మీ వాట్సాప్ గ్రూపులో ఏ బాబాయిగారో ఈపాటికి తేల్చేసే ఉంటారు. డాలరు నోటు వెనక త్రికోణంలో కన్ను, దాని కింద రోమన్ అంకెల్లో 1776. ఇంకేం సాక్ష్యం కావాలంటారు! ఆ ఏడాదే అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది కదండీ అంటే ఎవరూ వినరు.

అసలు సంగతేమిటంటే, ఇల్యూమినాటి నిజంగానే ఉండేది. అదీ 1776లోనే, మే 1న పుట్టింది. ఇప్పటి జర్మనీలో ఉన్న బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో చర్చి చట్టం బోధించే ఆడమ్ వైస్‌హౌప్ట్ అనే ఇరవై ఎనిమిదేళ్ళ ప్రొఫెసరు, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మందితో దాన్ని మొదలుపెట్టాడు. మతగురువుల పెత్తనం వదిలించి, జనాన్ని హేతువు వైపు తిప్పాలని ఆయన తాపత్రయం. అక్కడితో ఆగితే బాగుండేది. తన పేరు స్పార్టకస్ అన్నాడు, మ్యూనిక్‌ని ఏథెన్స్ అన్నాడు, తేదీలు పర్షియన్ పంచాంగంలో వేయించాడు! పదేళ్ళు కూడా నిండకుండానే బవేరియా పాలకుడు నిషేధించాడు. ప్రొఫెసరుగారు గోథా అనే వేరే సంస్థానానికి పారిపోయాడు. తర్వాత ఒక సభ్యుడి ఇంట్లో సోదా చేస్తే కట్టలకొద్దీ కాగితాలు దొరికాయి. వాటిని ప్రభుత్వమే 1787లో అచ్చేసి పంచింది. ఇక దాచడానికేం మిగిలింది?

అయినా చచ్చిన తర్వాతే దానికి యోగం పట్టింది. ఫ్రెంచి విప్లవం వీళ్ళ పనేనంటూ 1797లో బారుయెల్ అనే ఫ్రెంచి మతగురువూ, రాబిసన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్తా వేర్వేరుగా పుస్తకాలు రాశారు. రాజు తల తెగిపడ్డ విప్లవానికి ఆకలి, అప్పులు, పన్నులు కారణమంటే ఎవరికి రుచిస్తుంది? కుట్ర అంటే కథకి ఒక విలనుంటాడు.

ఇదంతా సరదా కాలక్షేపమే అనుకునేరు. యూదు పెద్దలు ప్రపంచాన్ని చేజిక్కించుకోవడానికి పథకం వేశారంటూ 1903లో రష్యాలో ఒక పత్రిక 'ప్రోటోకాల్స్' అచ్చేసింది. అందులో చాలా భాగం 1864 నాటి ఒక ఫ్రెంచి వ్యంగ్య రచన నుంచి ఎత్తి రాసిందేనని 1921లో లండన్ టైమ్స్ రుజువు చేసింది. ఏం లాభం? నాజీలు దాన్నే ప్రచారానికి వాడుకున్నారు. లేని ముఠా కథ ఉన్న మనుషుల ప్రాణాలు తీసింది.

మరి అధికారంలో ఉన్నవాళ్ళు గుట్టుగా కలవనే కలవరా? ఎందుకు కలవరూ! 1981 మార్చిలో ఇటలీ పోలీసులు ఒక బ్యాంకరు కేసు కూపీ లాగుతూ లిచియో జెల్లి అనే ఆయన ఫ్యాక్టరీ సోదా చేశారు. 962 పేర్ల జాబితా బయటపడింది. మంత్రులు, సైనిక జనరళ్ళు, గూఢచారి సంస్థల అధిపతులు, తర్వాత ప్రధాని అయిన బెర్లుస్కోనీ, అందరూ అందులో ఉన్నారు. 'పీ2' అనే ఆ సంఘం ఫ్రీమేసన్లనే సోదర సంఘం వాళ్ళ లాడ్జి (అంటే శాఖ) ముసుగులో నడిచింది. (మేసన్లంటే అందరూ ఇలాంటివాళ్ళే అనుకోకండి. మన హైదరాబాదు గోషామహల్ బారాదరిలోనూ వాళ్ళ లాడ్జి ఉంది.) ఆ జాబితా దెబ్బకు ఇటలీ ప్రభుత్వమే కూలింది.

పీ2 వాళ్ళకి కావలసింది ప్రపంచం కాదండీ. పదవులు, కాంట్రాక్టులు, బ్యాంకు డబ్బు, పత్రికల మీద పట్టు. ఇంత తెలివైనవాళ్ళూ పేర్లన్నీ రాసి పెట్టుకున్నారు. ఎవడు ఎవడికి బాకీయో గుర్తుండాలంటే చిట్టా ఉండాలిగా! అందుకే, ఫలానావాళ్ళు లోకాన్ని నడిపిస్తున్నారని ఎవరైనా చెబితే నేను ముందు చిట్టా అడుగుతాను. చూపిస్తే నమ్ముతాను.

జెల్లి మాత్రం కేసులూ, జైళ్ళూ, పరారీలూ అన్నీ దాటుకుని 2015లో 96 ఏళ్ళ వయసులో, అరెజ్జోలోని సొంత బంగళాలోనే పోయాడు.