గడప దాటాలంటే...

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ కోనసీమ. కొబ్బరితోటల చాటున ఇంకా అక్కడక్కడా మండువా లోగిళ్లు కనిపిస్తాయి. వానొస్తే నాలుగువైపుల పెంకుల మీంచీ నీళ్లు నడిమధ్యన మండువాలోకే దూకుతాయి. చూడ్డానికి ఎంత ముచ్చటో! కానీ, ఆ నీళ్లు పడేచోటే పాచి పడుతుంది. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది డెబ్భై దాటిన ఇద్దరే. కాలు జారితే లేపేవాళ్లుండరు.

వీధి అరుగు రెండున్నర అడుగుల ఎత్తనుకుందాం. చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుదారి కట్టాలంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవుండాలి. అంటే 30 అడుగులు! వీధివైపు అంత జాగా ఏదీ? ఇంటి పక్కనుంచి మలుపు తిప్పి కట్టుకోవాల్సిందే. పెరటి చివరి మరుగుదొడ్డిని పడకగది పక్కకు తేవాలి. కమోడ్ పక్కన గోడకి గట్టి కడ్డీ, దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఉండాలి. మండువా చుట్టూ గరుకు రాళ్లు పరిపించాలి.

చిక్కల్లా గడపతోనే. కాలు తట్టుకునేది దానికే. కోసేద్దామంటాడు కొడుకు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడపని కోయనిస్తుందా తల్లి? తెలివైన వడ్రంగి దాని జోలికి పోడు. రెండువైపులా వాలుచెక్కలు బిగిస్తాడు. గుమ్మం వెడల్పుగా ఉంటే, చివర్లలో జానెడేసి వదిలేస్తాడు... బొట్లు పెట్టుకోవడానికి.