సమస్య ఒకటి, పూరణలు అనేకం

వ్యాకరణం బోధించిన ప్రతి ఉపాధ్యాయునికీ తెలిసిన సంగతే ఇది. సూత్రం కంఠస్థమైనంత మాత్రాన సంధి చేయడం రాదు. ఉదాహరణం కుదిరినప్పుడే సూత్రం మనసుకెక్కుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ సూత్రం, దాని వెంట వృత్తి, ఆ వెంట ఉదాహరణలు. కంప్యూటరు విద్యలోనూ ఇదే సంప్రదాయం నడుస్తున్నదని ఈ వయసులో తెలియడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఒకప్పుడు నా వద్ద పద్యాలు అప్పజెప్పిన కుర్రవాడు ఇప్పుడొక పాలిటెక్నిక్‌లో అధ్యాపకుడు. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్కును (చట్రం అందాం) పిల్లలకు నేర్పుతున్నాడు. మొన్నొకనాడు వచ్చి, "మాస్టారూ, పాఠంలోని నమూనా అప్లికేషనును పొల్లు పోకుండా టైపు చేస్తున్నారు, అది చక్కగా పనిచేస్తున్నది. సొంతంగా ఇంకొకటి కట్టమంటే మాత్రం చేతులాడటం లేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు ఈ చదువు మాకు రాదు, మానేస్తామంటున్నారు" అని వాపోయాడు.

జాంగో పుట్టింది అమెరికాలో, కాన్సస్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలోని ఒక వార్తాపత్రిక కార్యాలయంలో. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుని పేరు దానికి పెట్టి 2005 జూలైలో లోకానికి విడుదల చేశారు. ఆ ఏడాదే రూబీ ఆన్ రైల్స్ కర్త డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ పదిహేను నిమిషాల్లో ఒక బ్లాగును కట్టి చూపి అందరినీ ఆకట్టుకున్నాడు. జాంగోవారి పాఠంలోని నమూనా ఒక అభిప్రాయ సేకరణ: ఒక ప్రశ్న, దానికి కొన్ని ఐచ్ఛికాలు, ఒక్కొక్కదానికి ఓట్లు. ఉదాహరణంగా అది మేలైనదే. అయితే ఆ పిల్లలకు అందులోని పేర్లు మంత్రాక్షరాల వలె వినబడుతున్నాయి తప్ప వాటి మధ్య ఉన్న చుట్టరికం కనబడటం లేదు.

"సమస్యాపూరణం కట్టించు నాయనా" అన్నాను.

పృచ్ఛకుడిచ్చే సమస్య ఒకటి, కవులు చేసే పూరణలు అనేకం. ఏ పూరణైనా ఒక్క సమస్యకే చెందుతుంది. ఈ సంబంధాన్ని తెలిపే 'ఫారిన్ కీ'ని ఏ పట్టికలో ఉంచాలన్న దగ్గరే పిల్లలు తికమకపడతారట. పూరణలో సమస్యాపాదం ఉంటుంది గానీ సమస్యలో పూరణలుండవు గదా! కనుక కీ ఉండవలసింది పూరణలోనే. ఈ మాట విన్నాక వాళ్ళలో ఎవరూ మళ్ళీ తడబడలేదని చెప్పాడు.

తరువాతి ప్రశ్న: సమస్యను తొలగిస్తే పూరణలేమి కావాలి? 'కాస్కేడ్' అంటే అవీ వెంట పోతాయి. 'ప్రొటెక్ట్' అంటే పూరణలున్నంతవరకు సమస్యను తొలగించనివ్వదు. పృచ్ఛకుడు తన సమస్యను వెనక్కు తీసుకుంటే కవి పద్యం చెరిగిపోవడం న్యాయం కాదని పిల్లలే తేల్చి రెండవదాన్ని ఎంచుకున్నారు.

సమస్యాపాదం నిడివికి హద్దు పెట్టేచోట నాకే ఒక పాఠం దొరికింది. 'తెలుగు' నిడివి ఎంతని పైథాన్‌ను అడిగితే ఆరంటుంది. 'స్త్రీ' నిడివీ ఆరే. మనకు మొదటిది మూడక్షరాలు, రెండవది ఒక్కటి. యంత్రం హల్లును, గుణింతపు గుర్తును, పొల్లును విడివిడిగా లెక్కిస్తుంది. ఛందస్సు తెలిసిన పిల్లవాడికి ఈ తేడా క్షణంలో బోధపడుతుంది.

జాంగోవారి పాఠంలో నాకు మిక్కిలి నచ్చింది ఐదవ భాగం. ప్రశ్న ఇటీవలిదా కాదా అని చెప్పే చిన్న ప్రమేయాన్ని అంతకు ముందే రాయిస్తారు. రేపటి తేదీ వేసినా అది 'ఇటీవలిదే' అంటుంది. ఆ లోపాన్ని ఐదవ భాగంలో బయటపెట్టి, ముందు దాన్ని పట్టే పరీక్షను రాయించి, ఆ తరువాతనే దిద్దిస్తారు. మన ప్రత్యుదాహరణ పద్ధతి వంటిదే ఇదీ. వచ్చే ఆదివారం ఇవ్వవలసిన సమస్య నేడే 'కొత్తది'గా కనబడేటట్లు మేమూ ఆ లోపాన్ని అట్లాగే ఉంచాము.

ప్రోగ్రాములోని పేర్లు కూడా తెలుగు లిపిలోనే ఉండాలని నా కోరిక. పైథాన్ మూడవ అవతారం అందుకు అడ్డు చెప్పదు. "రేపు ఉద్యోగంలో పక్క రాష్ట్రంవాడు చదవాలి గదా మాస్టారూ" అన్నాడు. ఆ మాట సబబే. లోపలి పేర్లు రోమను లిపికి, తెర మీద కనబడేదంతా తెలుగుకు వదిలి రాజీపడ్డాము.

మానేస్తానన్న ఇద్దరిలో ఒకమ్మాయి మొన్న తన సొంత అప్లికేషను చూపించిందట. వాళ్ళమ్మ పాలు పోసే ఇళ్ళ లెక్క అది. ఇల్లు ఒకటి, రోజువారీ పద్దులు అనేకం. "నెల మధ్యలో పాల ధర మారితే పాత పద్దులన్నీ తప్పిపోతాయి కదండీ?" అని అడిగి, ధరను ఇంటి దగ్గర గాక ప్రతి పద్దులోనూ రాసుకోవాలని తానే కనిపెట్టిందట. మా నమూనాలో ఈ ప్రశ్నా లేదు, ఈ జవాబూ లేదు. రెండవ పిల్లవాడు ఇంకా ఊగిసలాడుతూనే ఉన్నాడు.

వచ్చే పాఠం అనేకానికి అనేకంతో ఉండే సంబంధం. పద్యానికి అలంకారాలనేకం, ఒక్కొక్క అలంకారానికి పద్యాలనేకం అని అనుకున్నాము. ఇంతకంటె మంచి ఉదాహరణం మీకు తోస్తే తెలుపగలరు. ఆ రెండవ పిల్లవాడికి అక్కరకు వస్తుంది.