ఎక్కిన గేరులోనే దిగాలి

సినిమాలో జీపు కొండెక్కడానికి మూడు షాట్లు చాలు. చక్రం తిరుగుతుంది, దుమ్ము లేస్తుంది, హీరోగారు శిఖరం మీద దిగి నల్లకళ్లజోడు తీస్తారు. మా జీపు నర్సీపట్నం నుంచి చింతపల్లి కొండల్లోకి ఎక్కడానికి మాత్రం పద్నాలుగు నెలలు పట్టింది. ఈ మధ్యలో ఒకసారి ఎక్కింది గాని, దిగేటప్పుడు నన్నూ నా పక్కనున్న కుర్రాణ్నీ ఏకంగా పైకే పంపించబోయింది. ఆ ముచ్చట చెప్తాను.

1974లో కృష్ణగారి ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. చింతపల్లి ప్రాంతంలో తీశారు. ఆ బొమ్మ చూసొచ్చిన మా నాన్నగారికి ఒక ఆలోచన తట్టింది. ఇకమీదట అవుట్‌డోర్ యూనిట్లన్నీ మన్యానికి వరస కడతాయి, వాళ్లకి జీపులు కావాలి కదా అని. వెంటనే సర్కారువారి వేలంలో ఓ పాత జీపు పాడేశారు. యూనిట్లు ఆయన అనుకున్నంతగా రాలేదు. వచ్చిన వాటికి మాత్రం కెమెరా పెట్టెలూ, రిఫ్లెక్టర్లూ, భోజనాల క్యారేజీలూ ఈ జీపే మోసింది. ముందు అద్దం బానెట్ మీదికి పడుకోబెట్టి, దాని మీద కెమెరా బిగించి తీసిన షాట్లు ఎన్నో. నేను సినిమాల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్ని కావడానికి కూడా ఆ జీపు వెనక సీటే కారణం అనుకోండి.

దాన్ని మా వూళ్లో ‘ఎత్తు బానెట్ జీపు’ అంటారు. అమెరికాలో 1953లో వచ్చిన సీజే-3బి అనే మోడలు అది. మన దేశంలో మహీంద్రావాళ్లు దశాబ్దాల తరబడి తయారుచేశారు. హరికేన్ అనే దాని పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి పీల్చే వాల్వులు హెడ్డులోనూ, పొగ వదిలేవి కింద బ్లాకులోనూ ఉంటాయి. అందువల్ల ఇంజను పొడుగు పెరిగింది, దాన్ని కప్పడానికి బానెట్టూ ఎత్తు పెంచాల్సి వచ్చింది. చూడ్డానికి తలపాగా చుట్టుకున్న పెద్దమనిషిలా ఉంటుంది.

నాన్నగారు పోయాక పన్నెండేళ్లు అది చింతచెట్టు కింద అలాగే ఉండిపోయింది. కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. అమ్మేద్దామని నేను రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ అమ్మ వినిపించుకోలేదు. మూడోసారి అన్నప్పుడు చెప్పింది.

“ఒరేయ్, 78లో మీ నాన్నగారు వానల్లో ఆ గెడ్డ అవతల చిక్కుకుపోలేదూ? నాలుగు రోజులు ఆ పిల్ల అంబలి కాచి పోసింది. ‘ఒకసారి నిన్ను తీసుకెళ్తాను, చీర పెట్టి వద్దాం’ అన్నారు. ఇదుగో అదుగో అంటూనే వెళ్లిపోయారు. ఆ బాకీ తీరనియ్యి. తర్వాత నీ ఇష్టం.”

నాకప్పుడు ఐదేళ్లు. నాన్నగారు రాని ఆ నాలుగు రాత్రులూ అమ్మ వీధి అరుగు మీదే కూర్చోవడం లీలగా జ్ఞాపకం. టాక్సీ మాట్లాడతానన్నాను. ఆ గూడేనికి ఈనాటికీ చివరి నాలుగు కిలోమీటర్లూ తారు లేదు, కారు పోదు. “ఆ జీపులో అయితేనే వస్తాను” అని అమ్మ తేల్చేసింది.

వూళ్లో పాత జీపుల పని తెలిసిన మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. వయసు డెబ్బై దాటింది. నాన్నగారి రోజుల నుంచీ ఈ జీపు ఒళ్లంతా ఎరుగున్నవాడు. బానెట్ ఎత్తి చూడకుండానే బ్రేకు పెడలు తొక్కి చూశాడు. అది నేలకి అంటుకుంది.

“బాబూ, ముందు ఆగడం, తర్వాత తిరగడం, ఆఖర్న పరిగెట్టడం. ఈ వరసలో సేద్దాం. ఏటంటారు?”

సరేనన్నాను గాని నా వరస వేరు. నేను బొమ్మలు తీసేవాణ్ని కదా! నా కళ్లకి ముందు జీపు ఎలా కనబడుతుందన్నదే ముఖ్యం. విజయవాడ ఆటోనగర్ వెళ్లి, కంపెనీ ఇచ్చిన 6.00–16 సైజు టైర్లకి బదులు 7.50–16 సైజువి, పెద్ద పెద్ద గళ్లున్నవి, ఐదు కొన్నాను. చక్రం ఎత్తు దాదాపు మూడంగుళాలు పెరిగింది. ముందు నాలుగు లైట్లు బిగించాను. ఇంజను విప్పించి రింగులు, గాస్కెట్లు, కార్బురేటరు కిట్టు వేయించాను. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. అందుకని పెట్రోలు గొట్టాలన్నీ మార్చాం. ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కిందే మరి, లీకైతే చెప్పేదేముంది! కమాను కట్టల్లో విరిగిన ఆకులు తీసి కొత్తవి వేశాం. స్టీరింగు పావు చుట్టు తిప్పినా చక్రం కదిలేది కాదు. బుష్షులూ బేరింగులూ మార్చాక దారికొచ్చింది.

బ్రేకుల దగ్గరికొచ్చేసరికి డబ్బు అయిపోయింది. పాత జీపుల్లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు లైను. ఎక్కడ చిన్న చిల్లు పడినా నాలుగూ పోతాయి. ముందు చక్రాలకి వేరు, వెనక వాటికి వేరుగా పనిచేసే జోడు మాస్టర్ సిలిండరు వేయిద్దామన్నాడు మేస్త్రీ. “వచ్చే నెల చూద్దాం, ప్రస్తుతానికి వాషర్లు మార్చు చాలు” అన్నాను. ఆయన నా టైర్లకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశాడు. “చక్రం ఎత్తు పెరిగితే బ్రేకుకి కట్టం పెరుగుతాది బాబూ” అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున, అమ్మని తీసుకెళ్లే ముందు దారి చూసి వద్దామని, మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడితో బయల్దేరాను.

నర్సీపట్నం దాటాక కొండ మొదలవుతుంది. ఈ ఘాటు రోడ్డుకి ఒక చరిత్ర ఉంది. అప్పట్లో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ ఈ నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలో కొండవాళ్ల చేత చాకిరీ చేయించుకుని కూలి సరిగా ఇచ్చేవాడు కాదు. 1922లో మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఆ ఏడాది ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి పోలీసుస్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. మనం పాటలు వింటూ ఎక్కే ఈ మలుపులన్నీ ఆకలి కడుపులతో కొట్టిన రాళ్లే.

లంబసింగి చేరేసరికి మంచు మేఘంలా దిగి ఉంది. దీనికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. ఇప్పుడు స్ట్రాబెర్రీ తోటలు, గుడారాలు, సెల్ఫీల సందడి. ఆదివారాలు సంతను తలపిస్తుంది. అక్కణ్నించి చింతపల్లి ఓ ఇరవై కిలోమీటర్లు. దారికి రెండువైపులా సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, చలికాలమైతే పచ్చగా విరబూసిన వలిసె చేలు. స్టిల్ కెమెరావాడికి ఇంకేం కావాలి!

మట్టిదారిలో జీపు బ్రహ్మాండంగా పోయింది. రాళ్లలో మలుపులు తిరిగేటప్పుడు ముందు చక్రం దగ్గర ‘సర్రు సర్రు’ మని చిన్న శబ్దం వచ్చింది. గడ్డి తగులుతోందనుకున్నాను. గెడ్డ దాకా వెళ్లి, తడవకుండా వెనక్కి తిరిగాం. ఘాటు దిగేటప్పుడు కుర్రాడు అన్నాడు. “బాబుగారూ, ఎక్కిన గేరులోనే దిగాలని మేస్త్రీగారు సెప్పేరు.” నాకు పొద్దుపోతోంది. మూడో గేరులో దింపాను.

ఏడెనిమిది మలుపులు బాగానే గడిచాయి. ఆ తర్వాతి మలుపులో పెడలు తొక్కితే కాలు నేరుగా నేలకి దిగిపోయింది. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు. ఎడమపక్క కొండ, కుడిపక్క లోయ, ఎదురుగా కిందనుంచి వస్తున్న బస్సు హారను. రెండో గేరులోకి బలవంతాన లాగాను. ఇంజను గీపెట్టింది, వేగం కొంత తగ్గింది, చాలలేదు. కుర్రాడు వంగి డ్యాష్‌బోర్డు కింద హ్యాండ్‌బ్రేకు పిడి రెండు చేతులా లాగేశాడు. నేను ఎడమకి కొట్టాను. మడ్‌గార్డు మట్టిగట్టుని గీసుకుంటూ పది బారలు పోయి జీపు ఆగింది. బస్సు పక్కనుంచి వెళ్లిపోయింది. డ్రైవరు ఏదో తిట్టాడు. తిట్టు వినబడినందుకే సంతోషమనిపించింది.

ఈ జీపులో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరుబాక్సు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. బ్రేకు ఆయిలుతో దానికి సంబంధం లేదు. దానికి కొత్త లైనింగు వేయమని నేను చెప్పలేదు, డబ్బులూ ఇవ్వలేదు. మేస్త్రీ తనంతట తనే వేశాడు. ఆ సంగతి నాకు షెడ్డుకి వెళ్లాకే తెలిసింది.

ఆయన నన్నేమీ అనలేదు. ముందు చక్రం విప్పి, లోపలి బ్రేకు గొట్టం కోసి నా చేతిలో పెట్టాడు. నా పెద్ద టైరు మలుపు మలుపుకీ రాసుకుని ఆ రబ్బరుని ఎలక కొరికినట్టు కొరికేసింది. ‘సర్రు సర్రు’ అన్నది గడ్డి కాదు. ఆ సీట్లో అమ్మ కూర్చుని ఉంటే? ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడే నాలుగు లైట్లూ, ఐదు టైర్లూ అమ్మేశాను. పాత సైజు టైర్లే, బురదలో పట్టున్న గళ్లవి వేయించాను. జోడు మాస్టర్ సిలిండరు, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, టైరుకి దూరంగా క్లిప్పులు వేసి కట్టిన కొత్త గొట్టాలు వచ్చాయి. నీళ్లలో దిగినప్పుడు యాక్సిల్ లోపలికి తడి పీల్చకుండా ఊపిరిగొట్టాలు పైకి లాగాం. వెనకా ముందూ కొక్కేలు, ఒక తాడు, పార, జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క. మేస్త్రీ లెక్కలో ఇంతకు మించిన హంగులు అక్కర్లేదు. ఇంజను మార్చి ఇంకా బలం పెంచుదామా అంటే, “దానికి ఆర్టీవో ఆఫీసు సుట్టూ తిరగాల. అసలుకి బలం ఎందుకు బాబూ, రెండో కర్ర ఉందిగా” అన్నాడు.

ఆ కర్ర సంగతి చెప్పాలి. గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకి కూడా బలం అందిస్తుంది. రెండోది ‘లో’లో వేస్తే, మొదటి గేరులో ఇంజను దాదాపు 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ‘హై’లో అయితే 15 సార్లకే. అంటే వేగం నడకంత, బలం ఏనుగంత. దిగేటప్పుడు ఆ ఏనుగే వెనక్కి పట్టుకుంటుంది. కాలు బ్రేకు మీద పెట్టే అవసరమే రాదు.

ఫిబ్రవరిలో అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. వెనక మేస్త్రీ, కుర్రాడు. ఒళ్లో చీర సంచీ. మట్టిదారి మొదట్లో టైర్లలో గాలి కొంత తీసేశాం, పట్టు పెరుగుతుందని. గెడ్డ దగ్గర కుర్రాడు ముందు కర్రతో నడిచి లోతు చూశాడు, మోకాలి బంటి. ఫ్యాను నీళ్లు ఎగజిమ్మి డిస్ట్రిబ్యూటరు తడపకుండా బెల్టు వదులు చేశాం. లో రెండో గేరు, నాలుగు చక్రాలూ. మధ్యలో గేరు మార్చకూడదు, ఆగకూడదు. నీళ్లు పాదాల దాకా వచ్చాయి. అమ్మ కాళ్లు పైకి పెట్టుకుని, “మీ నాన్నగారు ఇక్కడేనా చిక్కుకున్నది?” అంది. మేస్త్రీ అవతలి గట్టున ఉన్న మద్దిచెట్టు చూపించాడు. “ఆ సెట్టు కిందే తల్లీ. ఆ వానల్లో నానూ ఉన్నాను.”

గూడెంలో జీపు ఆపగానే పిల్లలు చుట్టుముట్టారు. ఒక ముసలావిడ గుమ్మంలోంచి బయటికొచ్చి, మమ్మల్ని కాదు, బానెట్టుని చూసింది. దగ్గరికొచ్చి దాని మీద చెయ్యి వేసింది.

“ఇది ఆ బాబు జీపు కాదా? బాబు రాలేదేటి?”

అమ్మ జవాబు చెప్పలేదు. దిగి, సంచీలోంచి చీర తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ అమ్మ బోసి నుదురు చూసింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నేను కెమెరా తీయబోతే మేస్త్రీ వద్దన్నట్టు తలూపాడు. తీయలేదు. నా వృత్తిలో నేను వదులుకున్న మంచి ఫోటో అదొక్కటే.

వెళ్లాలనుకునే పాఠకులకి ఒక మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. లంబసింగి దాకా ఏ బండైనా పోతుంది. పాత జీపుతో మట్టిదారులు పట్టేవాళ్లు ముందు బ్రేకులు చూసుకోండి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. నీళ్లు దాటి వచ్చాక యాక్సిలు ఆయిలు పాలలా తెల్లబడిందేమో చూసి మార్చండి.

మేం దిగేటప్పుడు ఘాటు మొత్తం లో గేరులోనే దిగాం. వెనక కార్లవాళ్లు హారన్లు కొట్టి కొట్టి దాటిపోయారు. “ఇంత నెమ్మదా?” అంటుందేమోనని అమ్మకేసి చూశాను. ఒళ్లో ఆవిడ ఇచ్చిన పసుపు కొమ్ముల మూట పెట్టుకుని, నిద్రపోతోంది.