ఆదివారం నాటి బీడు

గోల్ఫు మైదానమంటే నాకు ముందు గుర్తొచ్చేది గడ్డి కాదు, గేటు. మా ఊళ్లో ఒక క్లబ్బు గేటు దగ్గర, కాలరు లేని చొక్కా వేసుకున్న పాపానికి అరగంట ఎండలో నిలబడ్డాను. అందుకే అమ్మాయి స్కాట్లాండులోని డండీలో బస్సెక్కిస్తూ "సెయింట్ ఆండ్రూస్ చూద్దురుగాని రండి నాన్నా" అంటే, కంచె బయటినుంచి తొంగిచూసి రావడమేగా అనుకున్నాను.

కంచె లేదు. వీధి అయిపోయినచోట పచ్చిక మొదలైంది, పచ్చిక అవతల ఇసుక దిబ్బలు, ఆపైన సముద్రం. ఆవేళ ఆదివారం. ఓల్డ్ కోర్సనే ఈ గోల్ఫు మైదానంలో ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు, నేలకి సెలవు. గోల్ఫు పిచ్చివాళ్లు జన్మకోసారైనా కాలు పెట్టాలనుకునే చోట కుక్కలు పరుగులు పెడుతున్నాయి. ఒక ముసలాయన ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటున్నాడు. పద్దెనిమిదో గ్రీన్ ముందున్న పల్లంలోకి ఓ పిల్లాడు దొర్లుతున్నాడు. దాని పేరు పాపాల లోయట!

ఒక బంకరు దగ్గర, అదే, ఇసుక గుంట దగ్గర ఆగాను. గోడంతా పచ్చిక పెళ్లలు కోసి ఒకదానిమీదొకటి పేర్చినదే, అచ్చం అట్ల దొంతర. గాలికి తాళలేక గొర్రెలు ఒదిగి ఒదిగి చేసిన గుంటలే ఇలా బంకర్లయ్యాయంటారు. మా ఆవిడ మంకీ క్యాపులోకి కూడా ఆ గాలి దూరుతుంటే నమ్మబుద్ధేసింది.

అసలిది ఊరుమ్మడి బీడు. 1552లో ఆర్చిబిషప్ హామిల్టన్ ఇక్కడ కుందేళ్లు పెంచుకోవడానికి ఊరివాళ్ల అనుమతి తీసుకుంటూ, వాళ్లు గోల్ఫు ఆడుకునే హక్కూ పశువులు మేపుకునే హక్కూ పత్రం మీద ఒప్పుకున్నాడు. మధ్యలో అప్పులపాలై ఊరు ఈ నేలని పోగొట్టుకుంది. 1894లో చట్టం చేయించుకుని మరీ తిరిగి కొనుక్కుంది. 1974 నుంచి ట్రస్టు చూస్తోంది. ఆట మొదలుపెట్టే మొదటి టీ వెనకాల ఠీవిగా నిలబడ్డ రాతి భవనం మాత్రం రాయల్ అండ్ ఏన్షెంట్ అనే గోల్ఫు క్లబ్బు వాళ్లది, సభ్యులకే. మైదానం కూడా వాళ్లదేననుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నాను. ఆడాలంటే లాటరీలో పేరు వేసి అదృష్టం పరీక్షించుకోవచ్చు. రాజుగారి బావమరిదికైనా చీటీ చీటీయే అనుకుని సంతోషించాను.

ట్రస్టు వాళ్ల క్లబ్‌హౌసులోకి ఎవరైనా వెళ్లొచ్చు. నా చొక్కా వంక ఎవరూ చూడలేదు. కలెన్ స్కింక్ అని పొగబెట్టిన చేప, బంగాళాదుంప, పాలు కలిపి కాచిన సూపు తెచ్చిపెట్టారు. "చేపలో పాలా!" అని మా ఆవిడ గిన్నె దూరంగా జరిపింది. నేను తాగాను. ఏమీ కాలేదు.

మర్నాడు సోమవారం, ఆట మొదలైంది. మొదటి, చివరి ఫెయిర్‌వేలకి అడ్డంగా ఒక దారి పోతుంది, గ్రానీ క్లార్క్స్ వైండ్ అంటారు. ఊరివాళ్లు దాంట్లోంచే సముద్రానికి వెళతారు. మేమూ బయల్దేరాం. అవతల ఒకాయన, ఎన్ని వేల మైళ్లనుంచి వచ్చాడో, కర్ర ఎత్తబోయినవాడల్లా దించేసి, మమ్మల్ని వెళ్లమని చెయ్యి ఊపాడు. నేను గబగబా అడుగులేశాను. మా ఆవిడ నట్టనడిమిన ఆగి, తీరిగ్గా శాలువా సర్దుకుంది.